నలభైకే ఉద్యోగం మానేయాలనుకునేవారికి: సరదాల ఖర్చు లేని లెక్క ఎందుకు తప్పుతుంది

సమాధానం మొత్తం మీరిచ్చిన అంకెల మీదే నడుస్తుంది కాబట్టి ముందుగా వాటిని ఒకచోట పెడతాను. మీకు 35 ఏళ్లు. మియాపూర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. పన్ను పోను, పీఎఫ్ కలుపుకుని మీ ఆదాయం నెలకు 1,70,000 రూపాయలు. ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పే మీ శ్రీమతి ఆదాయం 40,000. పాప బడి ఫీజుతో సహా 70,000తో ఇల్లు నడుపుతూ, మిగిలిన 1,40,000 పొదుపు చేస్తున్నారు. పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపి 80 లక్షలు ఉన్నాయి. షాద్‌నగర్ దగ్గరి ప్లాటు 40 లక్షలు పలుకుతుందంటున్నారు. ఏడాది ఖర్చు 8.4 లక్షలకు 25 రెట్లు, అంటే 2.1 కోట్లు చేరితే ఉద్యోగం మానేయవచ్చని, 40 ఏళ్లు నిండేలోపే అక్కడికి చేరుకుంటామని మీ అంచనా. మూడేళ్లుగా సంక్రాంతికి తెనాలి వెళ్లి రావడం తప్ప ఎక్కడికీ కదలలేదని, 68 ఏళ్ల నాన్నగారు కాశీ తీసుకెళ్లమని అడిగితే రిటైరయ్యాక చూద్దామన్నారని, ఆరేళ్ల పాప ఈత నేర్చుకుంటానంటే వచ్చే ఏడాదికి వాయిదా వేశారని, ‘దాచుకోవడానికేనా మనం సంపాదించేది’ అని మీ శ్రీమతి నిలదీశారని రాశారు. ‘ఐదేళ్లు ఓర్చుకుంటే జీవితమంతా హాయిగా ఉండవచ్చు కదా, నేను చేస్తున్నది తప్పా?’ అన్నది మీ ప్రశ్న.

మీ పొదుపు అలవాటులో తప్పు లేదు, తప్పంతా ఆ ‘ఐదేళ్లు’ అన్న మాటలో ఉంది. మీరు వేసుకున్న లెక్కను కొంచెం జాగ్రత్తగా వేస్తే ఐదేళ్లు కాస్తా ఎనిమిదిన్నరేళ్లవుతాయి. మీ ఇంటివాళ్లు నిజంగా బతకాలనుకునే తీరును అందులో కలిపితే పదిన్నరేళ్లవుతాయి. ఐదేళ్లు ఊపిరి బిగపట్టుకుని ఉండటం ఎలాగో సాధ్యమే కావచ్చు గానీ పదేళ్లకు పైగా అలా ఉండగలిగే కుటుంబాన్ని ఆర్థిక సలహాలిచ్చే ఈ వృత్తిలో నేను చూడలేదు. కాబట్టి సరదాలను ముందే లెక్కలో చేర్చి, ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో చూడటమే మంచిది. అదేమంత భయపెట్టేదిగా లేదని కూడా మీరే చూస్తారు.

ముందు ఆ 25 రెట్ల సంగతి చూద్దాం. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల పాత చరిత్రను పరిశీలించి, మొదటి ఏడాది మొత్తం నిధిలో 4 శాతం తీసుకుని ఆ తర్వాత ధరలు పెరిగినంత మేర ఏటా పెంచుకుంటూ పోయినా డబ్బు 30 ఏళ్లపాటు నిలిచిందని తేల్చాడు. 1998లో ట్రినిటీ విశ్వవిద్యాలయ ఆచార్యులు ముగ్గురు చేసిన అధ్యయనంతో ఈ సూత్రం మరింత ప్రచారంలోకి వచ్చింది. నాలుగు శాతాన్ని తిరగేస్తే, అంటే 100ను 4తో భాగిస్తే, 25 రెట్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువులు ఈ సూత్రాన్ని వాడుతున్నారంటే అర్థముంది. అది వాళ్ల మార్కెట్ల చరిత్రలోంచి వచ్చింది. పైగా వాళ్లకు ఒక వయసు దాటాక సోషల్ సెక్యూరిటీ పెన్షన్, 65 ఏళ్లకు ప్రభుత్వ వైద్య బీమా ఉంటాయి. అదే సూత్రాన్ని 40 ఏళ్లకే ఉద్యోగం మానేసి, 85 లేదా 90 ఏళ్ల వరకు హైదరాబాద్‌లోనో తెనాలిలోనో బతకాల్సిన మనిషికి అతికించడం కుదరదు. మీకు కావలసింది 30 ఏళ్లు కాదు, 45 నుంచి 50 ఏళ్లు. ఉద్యోగుల పెన్షన్ పథకం నుంచి వచ్చేది కూడా 15,000 రూపాయల జీతం పరిమితి మీద లెక్కగట్టేదే కనుక, 58 ఏళ్లకు మీ చేతికి వచ్చేది నెలకు కొన్ని వేలు మాత్రమే.

అందుకే నేను 33 రెట్లు పెట్టుకోమంటాను. కారణం ఇది: ఉద్యోగం మానేశాక మీ డబ్బులో కొంత భాగం డిపాజిట్లలో ఉంటుంది, రాబడి మీద పన్ను ఉంటుంది, కాబట్టి ధరల పెరుగుదల పోను నికరంగా ఏటా ఒకటిన్నర శాతం మిగులుతుందని మాత్రమే అనుకుందాం. అప్పుడు ఏడాది ఖర్చుకు 25 రెట్లున్న నిధి దాదాపు 31, 32 ఏళ్లకు ఖాళీ అవుతుంది. 33 రెట్లున్న నిధి సుమారు 46 ఏళ్లు వస్తుంది. నలభైకి మానేసిన మనిషికి మొదటి లెక్కలో 72వ ఏట డబ్బు అయిపోతుంది. ఆ వయసులో మళ్లీ ఉద్యోగం వెతుక్కోలేం కదా.

రెండో సవరణ ప్లాటు. మన తెలుగువాళ్లకు ప్లాటు మీదున్న మమకారం నాకు తెలుసు, దాన్ని అమ్మేయమని నేను అనను. అయితే నెలనెలా ఇల్లు గడపాల్సిన నిధిలో దాన్ని కలపకూడదు. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, వడ్డీ ఇవ్వదు. కరెంటు బిల్లు కట్టడానికి అందులో పది గజాలు కోసి అమ్మలేం. పక్కవాడు గజం ఎంతకు చెప్పాడన్నది ధర కాదు. కొనేవాడు ఎంత చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడన్నదే ధర. అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుంది. 2024 జులై 23కు ముందు కొన్న స్థలమైతే ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం కట్టే మార్గం కూడా ఉంది, రెంటిలో తక్కువదాన్ని ఎంచుకోవచ్చు. ఆ ప్లాటుకు నేను వేరే పని చెబుతాను, కాసేపటి తర్వాత.

ఈ రెండు సవరణలు చేశాక మీ లెక్క మళ్లీ వేద్దాం. అన్నీ ఈనాటి రూపాయల్లోనే చెబుతున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీ పెట్టుబడుల్లో షేర్ల వాటా ఎక్కువ కాబట్టి ధరల పెరుగుదల పోను ఏటా 4 శాతం వస్తుందని, మీ జీతం కనీసం ధరలతో పాటు పెరుగుతుందని అనుకున్నాను. ఇది అంచనా మాత్రమే, హామీ కాదు. 8.4 లక్షలకు 33 రెట్లు 2.77 కోట్లు. ఇప్పటి 80 లక్షలు, ఏటా చేర్చే 16.8 లక్షలు కలిసి అక్కడికి చేరడానికి ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది. అంటే ఇప్పటిలాగే కడుపు కట్టుకుని ఉన్నా 43 దాటుతుంది.

ఇక్కడే మీ శ్రీమతి అడిగిన ప్రశ్నను లెక్కలోకి తీసుకువద్దాం. నెలకు 20,000 రూపాయలు, ఏడాదికి 2.4 లక్షలు, కేవలం బతుకులో సంతోషం కోసం ఖర్చు పెట్టారనుకోండి. ఆ జీవితమే రిటైరయ్యాక కూడా జీవితాంతం కొనసాగాలనుకుంటే ఏడాది ఖర్చు 10.8 లక్షలవుతుంది, నిధి 3.56 కోట్లు కావాలి, పొదుపు 14.4 లక్షలకు తగ్గుతుంది. అప్పుడు పన్నెండున్నరేళ్లు పడుతుంది. నాలుగేళ్ల ఆలస్యం. ఈ అంకె చూసే చాలామంది హడలిపోయి సినిమా టికెట్టు దగ్గర కూడా చేయి వెనక్కి తీసుకుంటారు.

కానీ ఆ నాలుగేళ్లను విడదీసి చూడండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లే ఆ 20,000 ఖర్చు పెట్టి, మానేశాక మళ్లీ 70,000 బతుక్కే తిరిగి వెళ్తామనుకుంటే ఎంత ఆలస్యమవుతుంది? నిధి మళ్లీ 2.77 కోట్లే చాలు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్ల లోపే చేరతారు. అంటే ఇప్పుడు సంతోషంగా ఉండటానికి మీరు చెల్లించే మూల్యం ఒక్క ఏడాది. మిగతా మూడేళ్లు రిటైరయ్యాక సంతోషంగా ఉండటానికి అయ్యే ఖర్చు. ఆ మూడేళ్ల ఖర్చును మీరిప్పుడు కడుపు మాడ్చుకుని తప్పించుకోవడం లేదు, దాన్ని లెక్కలో రాయడం మాత్రమే మానేశారు. నలభైలో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న మనిషికి రోజుకు పదేసి గంటలు ఖాళీ దొరుకుతాయి. ఖాళీ సమయం ఖర్చును పెంచుతుందే తప్ప తగ్గించదు. మూడేళ్లుగా ఎక్కడికీ వెళ్లని కుటుంబం ఖర్చును చూసి, ఎక్కడికైనా వెళ్లడానికే ఉద్యోగం మానేస్తున్న కుటుంబం ఖర్చును ఎలా అంచనా వేస్తారు? నేననేది ఇదొక్కటే: సరదాగా బతికి చూస్తే తప్ప మీకు ఎంత డబ్బు కావాలో మీకు తెలియదు. ఈ 20,000 మీ లక్ష్యానికి అడ్డమని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఆ లక్ష్యం ఎంతో తేల్చి చెప్పేది అదే.

ఇంకో సంగతి. ఆ 20,000లో ప్రతి రూపాయినీ 33తో గుణించాల్సిన పని లేదు. కొన్ని కోరికలకు గడువు ఉంటుంది. పాప ఈత, సంగీతం, వేసవిలో కిరండూల్ రైలు అద్దాల పెట్టెలో కూర్చుని అరకు వెళ్లడం, ఇవి ఆమె పదో తరగతికి వచ్చేలోపు జరగాల్సినవి. ఆ తర్వాత తల్లిదండ్రులతో ప్రయాణం అంటే తనకే చిరాకు. నాన్నగారి కాశీ సంగతి మరీ స్పష్టం. మీ అసలు లెక్క ప్రకారం ఆయనకు 73 ఏళ్లప్పుడు తీసుకెళ్తారు, సవరించిన లెక్క ప్రకారం అయితే 78. తెనాలి నుంచి రైల్లో అయితే ఒక రోజుకు పైగా కూర్చోవాలి, గల్లీల్లో నడవాలి, ఘాట్ల మెట్లు దిగాలి, ఎక్కాలి. 68 ఏళ్ల మోకాళ్లు చేసే పని 78 ఏళ్ల మోకాళ్లు చేయకపోవచ్చు. కార్తీకం వెళ్లాక, చలి ముదరకముందు, అమ్మానాన్నలిద్దరినీ తీసుకుని హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లి వస్తే మీ ఒక నెల పొదుపులో కొంత భాగం ఖర్చవుతుంది. రిటైర్మెంట్ తేదీని అది కొన్ని వారాలు కూడా జరపదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీతో వాదన పెట్టుకోదలచుకోలేదు. ఈ సీజన్లోనే టికెట్లు తీయండి.

కాబట్టి ఆ 20,000ను రెండుగా విడదీయమంటాను. 8,000 గడువున్న కోరికలకు, 12,000 జీవితాంతం కావాలనుకునేవాటికి: ఏడాదికో కుటుంబ ప్రయాణం, నెలకోసారి బయట భోజనం, పుస్తకాలు, మీ ఇద్దరిలో ఎవరికైనా ఉన్న వ్యాపకం. 33తో గుణించాల్సింది ఈ రెండోదాన్నే. అలాగే ఇప్పటి 70,000లో పాప బడి ఫీజు నెలకు పదివేల దాకా ఉందని రాశారు. అది కూడా జీవితాంతం ఉండే ఖర్చు కాదు, తీసేయండి. దానికి బదులుగా మీరు రాయని ఖర్చు ఒకటి చేర్చాలి: ఆరోగ్య బీమా. ఇప్పుడు కంపెనీ ఇస్తోంది కాబట్టి మీకు కనిపించడం లేదు. మానేసిన రోజుతో అది పోతుంది. ఏడాదికి 60,000 వేసుకుందాం. అప్పుడు జీవితాంతం ఏటా కావలసింది 8.4 లక్షల్లోంచి 1.2 లక్షలు తీసి, 1.44 లక్షలు, 60,000 కలిపితే 9.24 లక్షలు. నిధి సుమారు 3.05 కోట్లు. ఏటా 14.4 లక్షల పొదుపుతో పదిన్నరేళ్లు, అంటే 45కూ 46కూ మధ్య. ఇందులో మీరు ఇప్పటినుంచే నెలకు 20,000 సరదాలకు ఖర్చు పెడుతున్నారు, అయినా ఆదాయంలో సగానికి పైగా పొదుపు చేస్తున్నారు. నలభై ఐదుకు ఉద్యోగం మీద ఆధారపడనక్కర్లేని స్థితి అంటే మన మధ్యతరగతిలో తక్కువ విషయమేమీ కాదు.

ఇప్పుడు ప్లాటు. మీకు 45 వచ్చేసరికి పాపకు 16 ఏళ్లు, అంటే ఇంటర్మీడియట్. కార్పొరేట్ కళాశాల, హాస్టల్, కోచింగ్, రెండేళ్ల తర్వాత డిగ్రీ, ఆపైన విదేశాల్లో ఎంఎస్ అంటే ఆ మాట వేరు. మీరు ఆదాయం ఆపుకోవాలనుకుంటున్న సంవత్సరంలోనే ఇంటి ఖర్చు శిఖరానికి చేరుతుంది. నలభైకే మానేద్దామనుకునే తల్లిదండ్రుల లెక్కల్లో నేను ఎక్కువగా చూసే లోటు ఇదే. ప్లాటు నెలవారీ ఖర్చుకు పనికిరాదు గానీ ఒక తెలిసిన సమయంలో ఒకేసారి పెద్ద మొత్తం కావలసిన అవసరానికి బాగా సరిపోతుంది. దాన్ని పాప చదువుకు కేటాయించి, ఇక ఏ ఇతర లెక్కలోనూ రాయకండి. అమ్మకానికి ఆమె పదో తరగతిలో ఉండగానే ప్రయత్నం మొదలుపెట్టండి; స్థలం మనకు డబ్బు అవసరమైన నెలలో అమ్ముడుపోదు. దస్తావేజులు, లేఅవుట్ అనుమతి, అవసరమైతే క్రమబద్ధీకరణ, ఇవన్నీ ఇప్పుడే సరిచూసుకోండి. దీనికి తోడు, ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉండకపోతే తెరవండి. పాపకు పదేళ్లు దాటితే ఆ అవకాశం ఉండదు. ఏడాదికి లక్షన్నర వరకు, 15 ఏళ్లపాటు కట్టవచ్చు. 18 ఏళ్లు నిండాక చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు.

మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపింది. ‘నేను మానేస్తాను’, ‘నేను లెక్కవేశాను’, ‘నేను ఓర్చుకుంటాను’ అని రాశారు గానీ, మీ శ్రీమతి ఉద్యోగం సంగతి ఎక్కడా లేదు. ఆమె కూడా అదే రోజు మానేస్తారా? ఆమెకు పాఠాలు చెప్పడం ఇష్టమేమో. మీరు మానేశాక కూడా ఆమె తన ఇష్టంతో మరో పదేళ్లు అదే 40,000 సంపాదిస్తే, పై పన్నెండున్నరేళ్ల లెక్కలో కూడా ఏడాదిన్నర దాకా తగ్గుతుంది. కానీ ఇది ఆమె చెప్పాల్సిన విషయం. భర్త ఇంట్లో ఉండి, భార్య రోజూ బస్సెక్కి వెళ్లే ఏర్పాటు మాట్లాడుకుని చేసుకుంటే హాయిగానే సాగుతుంది. ఎక్సెల్ షీటులో ఒక గడి నింపి చేసుకుంటే ఏడాది కూడా సాగదు. అలాగే మీరు కూడా పూర్తిగా ఖాళీగా ఉండాలనేమీ లేదు. నలభై ఐదులో ఒత్తిడి లేని చిన్న పని, వారంలో మూడు రోజుల కన్సల్టింగ్, శిక్షణ తరగతులు, ఏదైనా నిధి మీద భారాన్ని తొలి పదేళ్లలో బాగా తగ్గిస్తుంది.

ఆ తొలి పదేళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ముందుగా రిటైరైనవాళ్లను దెబ్బతీసేది సగటు రాబడి కాదు, మొదటి కొన్నేళ్ల రాబడి. 2008 జనవరిలో 21,000 దరిదాపుల్లో ఉన్న సెన్సెక్స్ 2009 మార్చికి 8,200 దిగువకు పడిపోయింది. మళ్లీ పాత స్థాయిని అందుకున్నది 2010 నవంబరులో. ఉద్యోగంలో ఉన్నవాడికి అది చవగ్గా కొనుక్కునే కాలం. అదే 2008 జనవరిలో ఉద్యోగం మానేసి, షేర్లలో రెండు కోట్లు పెట్టుకున్నవాడికి అవి 80 లక్షలకు దిగిపోయిన సమయంలో బియ్యానికి, అద్దెకు, ఫీజులకు అందులోంచే అమ్ముకోవాల్సి వస్తుంది. అలా అమ్మినవి మార్కెట్ కోలుకున్నాక తిరిగి రావు. 2020 మార్చిలో పతనం ఇంకా వేగంగా వచ్చింది, కోలుకోవడమూ త్వరగానే జరిగింది గానీ, ప్రతిసారీ అలా జరుగుతుందని ఎవరూ అనలేరు. అందుకని మానేసే రోజుకు నాలుగైదేళ్ల ఖర్చు, మీ విషయంలో 40 నుంచి 45 లక్షలు, డిపాజిట్లు, స్వల్పకాలిక డెట్ ఫండ్ల (షేర్లలో కాక బాండ్లలో మదుపు చేసే ఫండ్లు) వంటి చోట్ల ఉండాలి. మార్కెట్ బాగున్న ఏడాది షేర్లలోంచి తీసి దాన్ని నింపుకోవాలి, బాగాలేని ఏడాది షేర్ల జోలికి పోకుండా దీంతో గడపాలి. ఈ డబ్బును ఒకే బ్యాంకులో పెట్టకండి; డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల వరకే వర్తిస్తుంది. అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడి చిన్న సహకార బ్యాంకుల్లోనో, తెలిసినవాళ్ల చిట్టీల్లోనో ఈ సొమ్మును పెట్టడం వివేకం కాదు. మార్కెట్ పడిన ఏడాది ప్రయాణాన్ని వాయిదా వేసుకోగలిగిన కుటుంబానికి మరో రక్షణ ఉన్నట్టే. సరదాల ఖర్చు వేరుగా రాసుకుంటే ఏది తగ్గించవచ్చో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మీరు వివరంగా అడగలేదు కాబట్టి కొద్దిగానే చెబుతాను. పీఎఫ్, పీపీఎఫ్ మీ స్థిరమైన భాగం. ఉద్యోగం మానేశాక పీఎఫ్ నిల్వ మీద వచ్చే వడ్డీకి పన్ను పడుతుందని గుర్తుంచుకోండి. పీపీఎఫ్ పదిహేనేళ్లకు చేతికొస్తుంది, ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) మంచిదే గానీ, ముఖ్యంగా వృద్ధాప్యం కోసం ఉద్దేశించినది కాబట్టి 45 నుంచి 60 వరకు ఉన్న ఖాళీని దాంతో నింపాలని చూడకండి. సీనియర్ సిటిజన్ పొదుపు పథకం మీకు 60 దాటాకే. షేర్ల ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగం మీదే 12.5 శాతం పన్ను పడుతుంది, ఆ మినహాయింపు భార్యాభర్తలకు విడివిడిగా ఉంటుంది. అయితే మీ డబ్బు ఆమె పేరు మీద పెడితే దాని రాబడిని పన్ను శాఖ మీ ఆదాయంలోనే కలుపుతుంది. కాబట్టి ఇల్లు మీ జీతంతో నడిపి, ఆమె జీతం మొత్తాన్ని ఆమె పేరునే మదుపు చేయండి. పన్ను సంగతి అలా ఉంచితే, తన పేరు మీద తన సొమ్ము పెరుగుతుంటే ఇంటి పొదుపు గురించి ఆమెతో జరిగే సంభాషణ తీరే మారుతుంది.

బీమా విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మీ ముగ్గురికీ సొంత ఆరోగ్య పాలసీ ఈ ఏడాదే తీసుకోండి, కంపెనీది ఉన్నా సరే. కొత్త పాలసీలో అంతకుముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. అరవై నెలలు నిరంతరాయంగా కట్టాక, మోసం నిరూపిస్తే తప్ప, ఏదో చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చడం బీమా కంపెనీకి కుదరదు. అంటే 35లో తీసుకున్న పాలసీ 45కు అన్ని గడువులూ దాటి గట్టిపడుతుంది; 45లో షుగరో బీపీయో వచ్చాక తీసుకుంటే అన్నీ మొదటినుంచి మొదలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మానాన్నలకు వేరే పాలసీ చూడండి, వాళ్ల వయసు వల్ల మీ ప్రీమియం పెరగకుండా. అది దొరకడం కష్టమైతే వాళ్ల పేరున ఒక పది లక్షలు విడిగా ఉంచండి. ఆ పది లక్షలను 80లోంచి తీసి లెక్కవేస్తే మరో ఏడు, ఎనిమిది నెలలు కలుస్తాయి, కలవనీయండి. టర్మ్ బీమా, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అది అన్నిటికన్నా ముందు.

ఆచరణలో ఆ 20,000ను ఎలా నడపాలన్నది చివరి మాట. మీలా పొదుపు ఒంటికి పట్టినవాళ్లతో వచ్చే చిక్కు, ఖర్చు పెట్టమంటే నెలాఖరున మిగిలిందంటూ మళ్లీ సిప్‌లో (ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపులో) వేసేస్తారు. అందుకని జీతం పడిన రోజే ఆ మొత్తం మీ శ్రీమతి పేరున ఉన్న వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. దేనికి ఖర్చు పెట్టాలన్నది ఆమె, పాప, మీరు కలిసి నిర్ణయించండి. దాన్ని తిరిగి పెట్టుబడుల్లోకి తేకూడదన్నది ఒక్కటే షరతు. ఏడాది గడిచాక మార్చి నెలలో కూర్చుని చూడండి. 2.4 లక్షల్లో లక్షే ఖర్చయి, అందరూ తృప్తిగానే ఉంటే మీ అవసరం తక్కువని తేలినట్టు, 12,000ను 6,000 చేసి మళ్లీ 33తో గుణించండి. నిధిలో దాదాపు 24 లక్షలు తగ్గుతాయి. మూడు లక్షలు ఖర్చయి ఇంకా కావాలనిపిస్తే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది, ఎందుకంటే దాన్ని సరిచేసుకోవడానికి మీకు పదేళ్ల జీతం ముందుంది. ఇల్లు మియాపూర్‌లోనే ఉంచుకుంటారా, తెనాలిలో నాన్నగారి ఇంటికి చేరతారా అన్నది కూడా ఈ మూడు నాలుగేళ్లలో తేల్చుకోండి. అద్దె పోతే 70,000లో పెద్ద ముక్కే పోతుంది. కానీ పాప ఇంటరు, మీ శ్రీమతి ఉద్యోగం హైదరాబాద్‌లోనే అయితే ఆ మార్పు పాప డిగ్రీలో చేరాకే సాధ్యం. అంకెలు మారినప్పుడు, ముఖ్యంగా జీతంలో పెద్ద మార్పు వచ్చినా, రెండో సంతానం అనుకున్నా, 33 రెట్ల లెక్కను మళ్లీ మొదటినుంచి వేయాల్సి ఉంటుంది. అప్పుడు ఈ అంకెలను పక్కన పెట్టి కొత్తవాటితో అడగండి.